డీజిలు తాగిందెవరు?

పొయ్యి మీద కుండ బోర్లించి, పిండినీళ్ళలో ముంచిన గుడ్డను దాని వీపు మీద పరిచి తీస్తోంది బుల్లెమ్మ. గుడ్డ తీసిన మరుక్షణం పల్చటి రేకు లేచి వస్తోంది. ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఆడవాళ్ళకి కొదవలేదు గానీ, తన చేతి రేకంత పల్చన మరొకరికి రాదని ఆవిడ గట్టి నమ్మకం. కాదనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. మా ఆవిడ మాట పదునేగానీ మనసు వెన్న అని భర్త అప్పాజీ అందరితో అంటూ ఉంటాడు. ఆవిడ వినేంత దూరంలో ఉంటే మరికాస్త గట్టిగా అంటాడు.

రేకులు అత్తగారివి, అమ్మకం కోడలిది. పెళ్ళయి వచ్చిన ఏడాదిలోనే రామతులసి ఇంటి జీపు బండి నేర్చుకుని, పెట్టెలు వేసుకుని, ఓ రోజు రాజమండ్రి, ఓ రోజు పాలకొల్లు దుకాణాలకి తనే తోలుకెళ్ళడం మొదలుపెట్టింది. “మా కోడలు స్టీరింగు పడితే చూడాలండీ!” అని ఇరుగుపొరుగు దగ్గర బుల్లెమ్మ మురిసిపోయేది. కొడుకు గణేష్‌బాబు రావులపాలెంలో ఆఫీసుకి మోటారుసైకిలు మీద వెళ్తాడు. బండి వాడి చేతికి వచ్చేది ఆదివారాలే.

ఆ ఉదయం వాడు తల గోక్కుంటూ పొయ్యి దగ్గరికొచ్చాడు.

“అమ్మా, బండి లెక్క తేలట్లేదే.”

“ఏం లెక్కరా?”

“మీటరు చూస్తే తిరిగింది తక్కువ. డీజిలు చూస్తే పోయించింది ఎక్కువ. ఇదివరకు ఇలా లేదు.”

వాడికేం, ఆ మాట అక్కడ పడేసి స్నానానికి వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం బుల్లెమ్మ బుర్రలోంచి పోలేదు. తిరిగింది తక్కువ, అయింది ఎక్కువ. మరి మిగతా డీజిలు ఎక్కడికి పోతున్నట్టు? ఆవిడ చెయ్యి ఆగింది. కుండ మీద రేకు మాడి నల్లగా చుట్టుకుపోయింది. ఇన్నేళ్ళలో బుల్లెమ్మ రేకు మాడ్చడం ఇదే మొదలని పక్కన కొబ్బరాకులు ఎగదోస్తున్న అప్పాజీ నోరెళ్ళబెట్టాడు.

తులసి పుట్టిల్లు పాలకొల్లు దాటాక రోడ్డు పక్కనే. అన్నయ్య రాజేంద్రకి రొయ్యల చెరువులున్నాయి. కరెంటు పోతే రొయ్యలకి గాలి ఆడదు. అప్పుడు ఇంజిను తిప్పాలి, ఇంజినుకి డీజిలు పొయ్యాలి. అదీగాక పోయిన వారం బండి వెనకాల ఓ పెద్ద ప్లాస్టిక్ క్యాను తన కళ్ళబడింది. ఏమిటా అని అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. “అమ్మ తులసీ!” అనుకుంది బుల్లెమ్మ. కోపం కన్నా ముందు ఏడుపొచ్చింది.

రాజమండ్రి నుంచి తులసి మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. చెప్పులు విప్పుతుండగానే అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది.

“ఏమ్మా, బండి వెనక ఆ క్యానేంటి?”

తులసి తడబడింది. “అదాండీ... ఖాళీదేనండి.”

“ఇవాళ ఖాళీ. పాలకొల్లు వెళ్ళిన రోజో?”

“సూటిగా అడగండి అత్తయ్యగారూ.”

“అడుగుతాను, నాకేం భయం? బండి తిరిగేది తక్కువ, డీజిలు అయ్యేది ఎక్కువట. మీ అన్నయ్య చెరువుల ఇంజినుకి పోసి వస్తున్నావా?”

తులసి మొహం పాలిపోయింది. ఆఫీసు నుంచి అన్నానికొచ్చి కూర్చోబోతున్న గణేష్‌బాబు పీట మీద సగం వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

“అమ్మా, నేనన్నది అది కాదే!”

“నువ్వూరుకోరా.”

“ఆయన ఎందుకు ఊరుకోవాలండి? చెప్పమనండి,” అంది తులసి. “ఆ కొత్త టైర్లు వేయించిన దగ్గర్నుంచీ బండి ఇలా తాగుతోందని ఎన్నిసార్లు మొత్తుకున్నానో చెప్పమనండి.”

“టైర్లకి నోరుందా, డీజిలు తాగడానికి?” అంది బుల్లెమ్మ.

“అవి ఆఫ్‌రోడ్ టైర్లమ్మా, చాలా స్ట్రాంగు,” అని గొణిగాడు గణేష్‌బాబు, ఎవరి వైపు మాట్లాడుతున్నాడో తనకే తెలియకుండా.

“కాస్త నెమ్మదిగా కనుక్కోవే,” అని అప్పాజీ అడ్డం రాబోయాడు. ఆవిడ ఒక్క చూపు చూసేసరికి కండువా సర్దుకుని వెనక్కి తగ్గాడు.

తులసి కళ్ళు తుడుచుకుని, బండి తాళం తెచ్చి రేకుల పళ్ళెంలో పెట్టింది.

“రేపు పాలకొల్లు వెళ్ళాలి. మీరూ రండి. బంకులో మీ ఎదురుగానే ట్యాంకు నింపిద్దాం. రోజంతా బండి దిగకండి. దాంట్లోంచి ఒక్క చుక్క బయటికి పోయినట్టు చూశారా, మళ్ళీ ఈ తాళం ముట్టుకోను. దొంగ అనిపించుకుని మీ పెట్టెలు మొయ్యలేనండి.”

“పోకపోతే?”

“అప్పుడు నేనొకటి అడుగుతాను. మీరు కాదనకూడదు.”

ఆ పూట తులసి అన్నం ముట్టలేదు. బుల్లెమ్మకీ ముద్ద దిగలేదు. కోడలు దొంగ అని తేలితే గుండె పగిలిపోతుంది. కాదని తేలితే నోటినుంచి జారిన ఆ మాటని ఎక్కడ దాచుకోవాలి? ఎటు తిరిగినా తనకే చేటుగా ఉంది.

తెల్లారి బుల్లెమ్మ జరీ అంచు చీర కట్టుకుని, కాపలాకి బయల్దేరింది. బండి వెనకాల పెట్టెల పక్కన అదే క్యాను, ఈసారి నిండుగా. మూత తీసి వాసన చూద్దామని చెయ్యి జాపి, మళ్ళీ ముడుచుకుంది. అక్కడికి వెళ్ళాక కోడలి చేతనే తీయిస్తే సరిపోతుంది కదా అనుకుంది.

కొత్త టైర్లొచ్చాక బండి ఎత్తయిపోయింది. అప్పాజీ వెనక నుంచి తోస్తే గానీ ఆవిడ ఎక్కలేకపోయింది. రావులపాలెం బంకులో ట్యాంకు మూతిదాకా నింపించారు. బుల్లెమ్మ మెడ చాచి మరీ చూసింది. అక్కడి నుంచి ఆవిడ కళ్ళు డీజిలు ముల్లు మీదే.

హైవే ఎక్కగానే కింద టైర్లు ‘గుయ్’మని పాట ఎత్తుకున్నాయి. సిద్ధాంతం బ్రిడ్జి మీదికి వచ్చేసరికి గోదావరి గాలి బండి పైనున్న క్యారియరులో దూరి ఈలలు వేసింది. ఇద్దరి మధ్యా మాటల్లేవు కాబట్టి సరిపోయింది గానీ, ఉంటే అరుచుకోవలసిందే.

“ఈ బండి ఎప్పుడూ ఇలాగే అరుస్తుందా?” అంది చివరికి బుల్లెమ్మ ఉండబట్టలేక.

“ఏంటండీ?”

“అరుస్తుందా అంటున్నా!”

“ఆయ్, రోజూ ఇంతేనండి!”

పెనుగొండ దాటింది, మార్టేరు దాటింది. ముల్లు మాత్రం దిగుతూనే ఉంది. పాలకొల్లు దుకాణాల దగ్గర తులసి పెట్టెలు దించుతుంటే బుల్లెమ్మ సీటు వదల్లేదు. దుకాణదారు కాఫీ పట్టుకొస్తే బండిలోనే తాగింది. ఒక్కరు కూడా ట్యాంకు వైపు రాలేదు. అయినా ముల్లు దిగుతోంది. ఇదేం విడ్డూరమమ్మా అనుకుంది.

“ఇంక మీ ఇంటికి పోనీ,” అంది.

వీధిలో బండి ఆగగానే తులసి తల్లి లక్ష్మీదుర్గ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ పరుగున వచ్చింది. “రండి రండి వదినగారూ! ఎన్నాళ్ళకెన్నాళ్ళకి మా గుమ్మం తొక్కారు!” అంటూ రెండు చేతులూ పట్టుకుంది. రాజేంద్ర వచ్చి, అలవాటైన పనిలా వెనక తలుపు తీసి, క్యాను భుజాన వేసుకుని లోపలికి నడిచాడు. బుల్లెమ్మ అతని వెనకే వెళ్ళింది. అతను చెరువు వైపు వెళ్ళలేదు. వంటింట్లోకి వెళ్ళాడు.

“వంటింట్లోకేంటి బాబూ?”

ఎవరూ జవాబు చెప్పేలోపే లక్ష్మీదుర్గ క్యాను మూత తీసి, గ్లాసు నిండా వంచి ఆవిడ చేతికిచ్చింది.

“ఎండనపడి వచ్చారు, ముందు మంచినీళ్ళు తాగండి. మీ నూతివే లెండి. మా వైపు చుట్టూ చెరువులయిపోయి నూతులన్నీ ఉప్పుతేలాయి. కొన్న నీళ్ళకి రుచీ పచీ ఉండదు, వాటితో పప్పు వండితే నాకు సయించదు. ఓసారి మీ ఇంట తాగిన నీళ్ళు తీపండీ అన్నానని పాపం తులసి వారం వారం మోసుకొస్తోంది. మీకు చెప్పే తెస్తోంది కదా వదినగారూ?”

తులసి తలవంచుకుంది. తల్లి అత్తింటి నీళ్ళకి ఆశపడిందని చెప్పుకోడానికి ఆ పిల్లకి సిగ్గేసింది. అందుకే క్యాను గురించి అడిగితే తడబడింది.

బుల్లెమ్మ గ్లాసు ఎత్తింది. తన నూతి నీళ్ళే. రోజూ తాగే ఆ తీపిని ఒక్క గుక్కలోనే పోల్చుకుంది.

“ఆఁ... చెప్పే తెస్తోంది వదినగారూ,” అంది. ఆ అబద్ధం విని కోడలు తలెత్తి చూసింది. ఇద్దరి కళ్ళూ కలిశాయి, ఇద్దరివీ తడిగానే ఉన్నాయి.

గ్లాసు పక్కన పెట్టి, “చెరువులు ఎలా ఉన్నాయి రాజేంద్రా? ఇంజిన్లు గట్రా?” అంది.

“చెరువులెక్కడివండి అత్తయ్యగారూ, లీజుకిచ్చేసి చాలా కాలమైంది. ఇంజిను అప్పుడే అమ్మేశాం.”

ఇంకేం మిగిలింది? ముల్లొక్కటే మిగిలింది. బుల్లెమ్మ వీధిలోకొచ్చి బండి ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడింది. “మరి డీజిలు తాగిందెవరు?”

రాజేంద్ర బండి చుట్టూ ఓసారి తిరిగి ఫక్కున నవ్వాడు. “ఇది బండా, ఊరేగింపుకి తయారైన పెళ్ళికొడుకా? ఇన్నేసి తగిలించుకుంటే తాగదేంటండీ! కొండలెక్కే టైర్లు మన తారురోడ్ల మీద తిప్పుతున్నారు. బరువుకి బరువు, గళ్ళు రోడ్డుని పట్టుకుని ఓ పట్టాన వదలవు. ఇంజిను గుంజుకుంటూ పోవాలి. ఏ కొండలున్నాయండి మనకి?”

“ఆదివారాలు కాలవగట్టు ఎక్కి వీడియోలు తీస్తారండి మీ అబ్బాయి,” అంది తులసి. నిన్న మధ్యాహ్నం తర్వాత ఇప్పుడే ఆ పిల్ల పెదాల మీద నవ్వు కనబడింది.

“మరి మీటరు తక్కువ తిరిగిందన్నాడే?”

“మీటరు చక్రం తిరిగిన లెక్కే చెప్తుందండి. చక్రం పెద్దదైతే అదే దూరానికి తక్కువసార్లు తిరుగుతుంది,” అన్నాడు రాజేంద్ర.

బుల్లెమ్మ క్షణం ఆలోచించింది. “కుంచం పెద్దదైతే కుంచాల లెక్క తగ్గుతుంది, ధాన్యం తగ్గదు. అంతేనా?”

“అంతేనండి!”

“ఇంత చిన్న విషయం ఆ వెధవకి తెలీదా? వాడి చదువు తగలెయ్య!”

“బండి ముందున్న ఈ ఇనప గార్డు ఎవరిదండి?” అడిగాడు రాజేంద్ర.

“మీ మావయ్యగారిది. గేదె అడ్డమొచ్చిందని ఆ మర్నాడే బిగించారు,” అంది బుల్లెమ్మ.

“ఆ నెత్తి మీద మంచమంత క్యారియరో? గాలి మొత్తం దానికే కొడుతుంది.”

అదెవరు పెట్టించారో తెలిసిన తులసి చప్పున రోడ్డు వైపు తిరిగి నిలబడింది. బుల్లెమ్మ తలెత్తి బండి నెత్తి వంక చూసింది. ఆ క్యారియరు తను పట్టుబట్టి పెట్టించింది. పిఠాపురంలో ఉన్న తన కూతురు వెంకటదుర్గకి బియ్యం బస్తాలూ, కొబ్బరికాయలూ పంపడానికి. ఏడాదికి ఏ రెండుసార్లో పంపుతుంది. మిగతా రోజులన్నీ అది ఖాళీగా గాలికి ఈలలు వేస్తూ తిరుగుతోంది. తన కూతురికి బండి నెత్తి మీద బస్తాలు పంపుకుంటూ, కోడలు తల్లికి క్యానెడు నీళ్ళు పట్టుకెళ్తే డీజిలు దొంగ అంది. కొడుకు టైర్లు తగిలించాడు, మొగుడు గార్డు తగిలించాడు, తను క్యారియరు తగిలించింది. ఏమీ తగిలించనిది తులసి ఒక్కతే. దాని మీదే పడింది నింద.

తిరుగు దారిలో బ్రిడ్జి మీద క్యారియరు మళ్ళీ ఈల అందుకుంది. బుల్లెమ్మ బండి పక్కకి ఆపమంది. బ్రిడ్జి దాటాక తులసి ఆపింది.

“తప్పు నాదేనమ్మా. అనకూడని మాట అన్నాను,” అంది బుల్లెమ్మ. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

“అయ్యో, ఊరుకోండి అత్తయ్యగారూ!” అంటూ తులసీ ఏడ్చింది.

“ఏదో అడుగుతానన్నావుగా. అడుగు. గొలుసు కావాలన్నా చేయిస్తాను.”

తులసి చాలాసేపు స్టీరింగు మీద గోటితో గీతలు గీసింది. “ఇకనుంచి ఆ నీళ్ళు మీకు చెప్పి తీసుకెళ్తానండి. దాచుకుని తీసుకెళ్ళడం నాకు కష్టంగా ఉంది.”

“అదా అడిగేది? పిచ్చిమొహమా!” అని బుల్లెమ్మ కోడలి తల దగ్గరకి తీసుకుంది.

ఇల్లు చేరగానే రెంచీ తెమ్మంది. ముందు తన క్యారియరు నట్లు తనే వదులు చేసింది. అది చూసి అప్పాజీ మాట్లాడకుండా తన గార్డు విప్పించేశాడు. గణేష్‌బాబు మాత్రం టైర్ల చుట్టూ తిరిగాడు.

“అమ్మా, ఆదివారాలకైనా...”

“కాలవగట్టు మీద నడిచి వెళ్ళు, ఒంటికి మంచిది. పెళ్ళాం మీద నింద పడుతుంటే టైర్ల గురించి గొణిగావు చూడు, దానికి శిక్ష వేరే ఉంది. కొబ్బరికాయల కొట్లో పాత టైర్లున్నాయి, మొయ్యి!”

వాడు తులసి దగ్గరికెళ్ళి చెవులు పట్టుకున్నాడు. “గుంజీలు కూడా తియ్యండి,” అంది తులసి. తీశాడు. అప్పాజీ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

మరుసటి వారం పాత టైర్ల మీద బండి చప్పుడు లేకుండా పాలకొల్లు వెళ్ళి వచ్చింది. ముల్లు బుద్ధిగా పైనే ఉంది. ఆ పై వారం పొద్దున్నే తులసి పెట్టెలు సర్దుకుని వెనక తలుపు తీసేసరికి, అప్పటికే రెండు క్యాన్లు నిండుగా కనిపించాయి. నూతి దగ్గర బుల్లెమ్మ చీర కుచ్చెళ్ళు తడిసి ఉన్నాయి. మూడోది తోడుతోంది.

“అత్తయ్యగారూ, ఇంత బరువు వేస్తే బండి మళ్ళీ డీజిలు ఎక్కువ తాగుతుందండి!” అంది తులసి నవ్వుతూ.

బుల్లెమ్మ చేద పైకి లాగి, నీళ్ళు క్యానులోకి వంచింది.

“ఈ బరువుకి ఎంత తాగుతుందో తాగనియ్యమ్మా,” అంది.