పన్నెండు కడవల సముద్రం

ధూమ్రగిరి రాజ్యంలో ఆ ఏడు గాజుపాత్ర కనిపిస్తే జనం ముఖం తిప్పుకునేవారు. తప్పు వాళ్ళది కాదు. వాళ్ళ రాజు కీర్తిసేనుడిది.

కీర్తిసేనుడికి పదేళ్ళ కూతురు ఉంది. పేరు కువలయ. రంగురంగుల సముద్రపు చేపలంటే ఆ పిల్లకు ప్రాణం. రాజభటులు రాజభవనం ఉన్న కొండ దిగి, రోజంతా నడిచి, పగడపు దిబ్బ దగ్గర చేపలు పట్టి రాగిబిందెల్లో కొండమీదికి మోసేవారు. ఏ చేపా మూడు రోజులకు మించి బతికేది కాదు. చచ్చినవాటిని పారబోసి కొత్తవి తెచ్చేవారు. నాలుగేళ్ళు ఇలాగే గడిచింది.

వైశాఖ పున్నమి ఉదయం కువలయ స్వయంగా సముద్రానికి వచ్చింది. తీరంలో గుల్లపాలెం అనే ఊరుంది. అందరూ ఉప్పు పండించేవాళ్ళే. ఆ ఊరి పన్నెండేళ్ళ సీతాలు రాకుమారిని చిన్న పడవలో కూర్చోబెట్టుకుని దిబ్బ వైపు తీసుకెళ్ళింది. సీతాలు అక్క పైడమ్మ ఉప్పుమడి గట్టుమీద నిలబడి చూస్తోంది. తల్లీ తండ్రీ పోయాక చెల్లెల్ని పెంచింది పైడమ్మే.

ఆమె చూస్తుండగానే సముద్రం రెండుగా చీలింది. నీళ్ళలోంచి జలకరాళుడు లేచాడు. పగడపు దిబ్బకు కాపలా ఉండే భూతం అతను. గడ్డం నిండా గవ్వలు. కళ్ళు మాత్రం ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డాయి.

"నాలుగేళ్ళలో నా పిల్లల్లో ఒక్కటీ తిరిగి రాలేదు" అన్నాడు. "ఇక మీ పిల్లల్ని మీరే పెంచుకోండి. గాజుతొట్టిలో, ఆ కొండమీదే. మూడో పున్నమి తెల్లవారేదాకా బతికితే మనుషులవుతారు. సముద్రంలో వదిలారా, ఎప్పటికీ చేపలే."

పడవలో రెండు చేపలు మిగిలాయి. రెండూ పసుపురంగువే. రెంటికీ ఒకటే నల్లచార. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని దేవుడు కూడా విడదీసి చెప్పలేడు.

పైడమ్మ ఈదుకుంటూ వెళ్ళేసరికి రాకుమారి వెంట వచ్చిన భటులు వాటిని రాగిబిందెలో వేసుకుని ఒడ్డెక్కి పరిగెత్తుతున్నారు. ఆమె మట్టికుండతో సముద్రపు నీళ్ళు ముంచుకుని వాళ్ళ వెంట పడింది. రాజభవనం చేరేటప్పటికి చేపలు పక్కకు వాలిపోయి ఉన్నాయి. వైద్యుడు బావినీళ్ళలో గుప్పెడు ఉప్పు కలుపుతున్నాడు.

"రాగి ముట్టుకుంటే అవి సచ్చిపోతాయి బాబూ. ఇలా ఇయ్యి" అంటూ పైడమ్మ వాటిని కుండలోకి మార్చింది. చేపలు తేరుకున్నాయి.

రాజు ఆమె ముందు నిలబడ్డాడు. "నీకు వీటిని పెంచడం తెలుసా?"

"తెల్దు మారాజా. ఉప్పు పండించడమే తెలుసు. కానీ అందులో ఒకటి నా సెల్లి."

ఆ మాటతో పని ఆమె చేతికొచ్చింది. కుండలో నీళ్ళు మార్చడానికి గుల్లపాలెం మగవాళ్ళు రోజూ కావళ్ళతో సముద్రపు నీళ్ళు కొండకు మోయాలని నిర్ణయమైంది. అయితే ఆషాఢంలో ఏరు పొంగితే దారి మూసుకుపోతుంది. ఆలోపు తొట్టి సిద్ధం కావాలి. ఎలా? అడవిలో శైవాలముని ఒక్కడికే తెలుసన్నారు. పైడమ్మ అప్పుడే బయలుదేరింది.

ముని ఒంటినిండా పచ్చటి నాచు. కొలను మధ్య మెడవరకు మునిగి కూర్చున్నాడు. కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"చేపలు ఎక్కడుండాలి?"

"నీళ్ళలో, తాతా."

"అందరూ అలాగే అనుకుంటారు. బతికున్న ఇసుక కావాలి. బతికున్న రాయి కావాలి. ఆ తర్వాత తొట్టిలో ఒక చచ్చిన రొయ్యను వేసి, అది కుళ్ళి, ఆ కుళ్ళు విరిగేదాకా ఖాళీగా ఉంచాలి. నెల పైనే పడుతుంది. రాతిలోంచి నత్తలు బయటికొచ్చి గాజుమీద పాకిన రోజున నీళ్ళు పండినట్టు."

"అంతవరకు?"

"కూర్చోవాలి. అందరూ ఓడిపోయేది అక్కడే."

ఇసుక ఏరు సముద్రంలో కలిసే మొగలో దొరికింది. దాన్ని తవ్వగానే ఇసుకే లేచి రాక్షసి అయింది. దాని ముక్కు తాడిచెట్టంత. అప్పటికే దాని నోట్లోంచి ఒక భటుడి తలపాగా వేలాడుతోంది.

"నువ్వూ కడుగుతావా?" అంది రాక్షసి. "ముందొచ్చినవాడు కంపు కొడుతుందని ఇసుకను ఏడుసార్లు కడిగాడు. ఎండలో ఆరబోశాడు. అందులో నా పురుగులు, పీతపిల్లలు అన్నీ మాడిపోయాయి. వాడు మాత్రం రుచిగా ఉన్నాడు."

పైడమ్మ తట్ట కింద పెట్టింది. అందులో ఇసుకను ఉన్నదున్నట్టుగా, బురదతో, కంపుతో ఎత్తుకుంది. నెత్తిమీంచి మురికినీళ్ళు మొహంమీదికి కారాయి. తుడుచుకోలేదు.

"కంపు కొట్టట్లేదటే నీకు?"

"కొడతంది పెద్దమ్మా. మడి అడుగుమట్టి ఇంతకన్నా కొడతాది."

రాక్షసి పెద్దగా నవ్వింది. నవ్వితే నోట్లోని తలపాగా ఊడిపడింది. "పో. ఆరనీకు" అని మళ్ళీ ఇసుకలో కలిసిపోయింది.

రాయి కోసం దిబ్బకు ఈదింది. అక్కడ ఇల్లంత తాబేలు అడ్డంగా పడుకుని ఉంది.

"తొట్టి ఎంత?" అని అడిగింది తాబేలు.

"పన్నెండు కడవలు పడుతుంది."

తాబేలు మెడ బయటికి చాచింది. "అంత చిన్నదా? సముద్రం ఎన్ని తప్పులైనా ఓర్చుకుంటుంది అమ్మాయ్. పన్నెండు కడవల నీళ్ళు ఒక్కటి కూడా ఓర్చుకోవు. ఇంకా పెద్దది చేయించు."

"మా రాజ్యంలో అంతకన్నా పెద్ద గాజు లేదు."

తాబేలు నిట్టూర్చి పక్కకు జరిగింది. పైడమ్మ రాతిని తడిగుడ్డలో చుట్టి, వంద అడుగులకొకసారి సముద్రపు నీళ్ళు చిలకరిస్తూ కొండెక్కింది. తాగడానికి మంచినీళ్ళు తెచ్చుకోలేదు. భుజాలకు ఆ బరువే చాలు.

తొట్టి సిద్ధమైంది. రొయ్య వేశారు. వారానికి నీళ్ళు తెల్లగా చెడిపోయాయి. ఇంకో వారానికి గాజుమీద గోధుమరంగు జిగురు పట్టింది. దాసీలు గీకిపారేస్తామంటూ పీచు పట్టుకొచ్చారు. పైడమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. రాజు రోజూ వచ్చి "ఈవేళ వేద్దామా?" అని అడిగేవాడు. ఆమె తల అడ్డంగా ఊపేది. కుండలో చేపలు రెండూ పక్కపక్కనే, ఒకదాని రెక్క ఒకటి తాకుతూ ఉండేవి.

ముప్ఫై అయిదో రోజున వేలిగోరంత నత్త ఒకటి రాతిలోంచి వచ్చి గాజుమీద పాకింది. రాజు దాన్ని చూసి, సింహాసనం దిగివచ్చినవాడిలా కింద కూలబడి ఏడ్చాడు. చేపల్ని తొట్టిలో వదిలారు. నాలుగోనాడు ఏరు పొంగింది. దారి మూసుకుపోయింది.

భయం లేదనుకుంది పైడమ్మ. ఇరవై జాడీల సముద్రపు నీళ్ళు ముందే దాచిపెట్టింది. కొండచలికి చేపలు ముడుచుకోకుండా తొట్టి చుట్టూ కుంపట్లు పెట్టించింది. ఆ వేడికి రోజూ వేలెడు నీళ్ళు ఆవిరయ్యేవి. ఆమె రోజూ వేలెడు సముద్రపు నీళ్ళు పోసేది. పుట్టినప్పటినుంచి చేసిన పనే అది. మడిలో నీళ్ళు తగ్గితే కాలవకు గండి తీసి మళ్ళీ సముద్రపు నీళ్ళే పెడతారు. తగ్గేకొద్దీ పెడతారు. గాజు అంచున తెల్లటి ఉప్పు పొర కట్టినప్పుడు ఆమెకు అలవాటుగా సంతోషం కూడా కలిగింది.

ఉప్పుమనిషి రోజూ మడినీళ్ళు నాలుకమీద వేసుకుని చూస్తుంది. ఈ తొట్టినీళ్ళు మాత్రం ఆమె ఒక్కసారీ రుచి చూడలేదు. లోపల ఉన్నది రాకుమారి. ఆ నీళ్ళను ఎంగిలి చేయడమా అని వేలు ముంచడానికే భయపడింది.

అరవయ్యో రోజు ఉదయం ఒక చేప రాతి పక్కన వెల్లకిలా పడి ఉంది.

పైడమ్మ దాన్ని అరచేతిలోకి తీసుకుంది. చేతికంటిన నీళ్ళు పెదవికి తగిలాయి. అప్పుడు తెలిసింది. అది సముద్రం కాదు. ఉప్పు తేలడానికి సిద్ధంగా ఉన్న మడి. ఆవిరయ్యేది నీళ్ళు మాత్రమే, ఉప్పు కాదు. ఆ సంగతి ఆమెకు తెలిసినంతగా ఆ రాజ్యంలో ఎవరికీ తెలియదు. ఆ తెలివితోనే ఇన్నాళ్ళూ అన్నం తింది.

రాజు వచ్చాడు. "ఎవరు?" అన్నాడు.

"తెల్దు మారాజా. నానే సంపేసినాను. మంచినీళ్ళు పోయాల. ఉప్పునీళ్ళు పోసినాను."

రాజు చెయ్యి కత్తి మీదికి వెళ్ళింది. తొట్టిలో రెండో చేప గసపెడుతూ గాజుకు మూతి ఆనించింది. రాజు కత్తి వదిలేశాడు. "ముందు దాన్ని చూడు" అన్నాడు.

ఒక్కసారి మంచినీళ్ళు కుమ్మరిస్తే రెండోదీ పోతుందని ఆమెకు తెలుసు. ఒక గిన్నెడు తీసి, ఒక గిన్నెడు వాననీళ్ళు పోసింది. నాలుకమీద చూసింది. మళ్ళీ తీసింది, మళ్ళీ పోసింది. ఏడు రోజులు అదే పని. రాజు పక్కనే కూర్చుని వాననీళ్ళు పట్టి అందించాడు.

పురోహితుడు వచ్చి, కర్మ చేయడానికి పేరు అడిగాడు. ఎవరూ చెప్పలేకపోయారు.

"మా పాలెంలో సంద్రం ఒడ్డుకి తోసిన మనిసి ఎవురో తెలిసేదాకా ఉప్పులో ఉంచుతాం" అంది పైడమ్మ. చిన్న మట్టిపిడతలో ఉప్పు పోసి, చేపను అందులో పడుకోబెట్టింది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం, పిల్లలూ. బతికున్నది సీతాలు కావాలని పైడమ్మ కోరుకునేది. కోరుకున్న మరుక్షణం పక్కన కూర్చున్న రాజు ముఖం చూసి తల దించుకునేది. రాజూ అంతే. ఒకరికొకరు చెప్పుకోలేదు. ఇద్దరూ కలిసి ఆ ఒక్క చేపనే కాచారు. మేత వేసేటప్పుడు పైడమ్మ ఒకరోజు "తిను తల్లీ" అంది. ఏ తల్లినో ఆమెకే తెలియదు.

మూడో పున్నమి తెల్లవారింది. చంద్రుడు కొండ వెనక్కి దిగుతుండగా తొట్టి పగిలి నీళ్ళు గదినిండా పరుచుకున్నాయి. పెంకుల మధ్య ఒక ఆడపిల్ల వణుకుతూ కూర్చుని ఉంది.

కువలయ.

రాజు కేక పెట్టబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పైడమ్మ వైపు చూడలేక గోడవైపు తిరిగాడు. పైడమ్మే ముందుకు వెళ్ళింది. తన పైట తీసి పిల్ల ఒంటికి చుట్టింది. తడితల తుడిచింది. తుడుస్తూనే ఉండిపోయింది.

"నువ్వు సీతాలు అక్కవి" అంది కువలయ.

"ఊఁ."

"నీళ్ళు మండుతుంటే నేను ఏడ్చాను. సీతాలు నన్ను రాతికిందికి తోసి, తను బయట ఉండి రెక్కతో విసిరింది. మా అక్కకి తెలీక పోస్తంది, తెలుసుకుంటాది, అప్పటిదాకా ఊపిరి చిన్నగా పీల్చు అంది."

పైడమ్మ తుడవడం ఆపి అడిగింది. "నామీద కోపమొచ్చిందా దానికి?"

"వచ్చింది. తిట్టింది కూడా."

"ఏటని?"

"ఉప్పుబస్తా అని. బుర్రనిండా ఉప్పేనని."

పైడమ్మ నవ్వింది. ఇక వినలేననుకున్న సీతాలు గొంతు ఆ తిట్టులో ఉన్నదున్నట్టు వినిపించింది. ఆ నవ్వు మధ్యలోనే విరిగింది. అరవయ్యో రోజునుంచి ఆపుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది. రాజు వచ్చి ఆమె పక్కన నేలమీదే కూర్చున్నాడు.

ఏటి వరద తీయగానే అందరూ కొండ దిగారు. ఇసుకను ఏటి మొగలో, రాతిని దిబ్బమీద పెట్టివచ్చారు. పేరు తెలిసిన పిడతను పైడమ్మ పడవలో తీసుకెళ్ళి సముద్రానికి అప్పగించింది. జలకరాళుడు నడుమువరకు లేచి, రెండు చేతులా దాన్ని అందుకున్నాడు. దానితో నీళ్ళలోకి దిగిపోయాడు.

ఇకమీదట సముద్రపు ప్రాణి ఏదీ కొండెక్కకూడదని రాజు శాసనం వేయించాడు. తీరమంతా పైడమ్మ ఏలుబడిలో ఉంచాడు. ఆమె దొరసాని అయ్యాక కూడా ఉప్పుమడి మానలేదు. దిబ్బ మీదికి వల తెచ్చిన వాడెవడైనా ముందు ఆమెకు సమాధానం చెప్పాల్సి వచ్చేది.

కువలయ వేసవి మొదలవగానే గుల్లపాలెం వచ్చి, సీతాలు పడుకున్న చాపమీదే పడుకునేది. మొదటి వేసవిలో ఒకనాటి సాయంత్రం పైడమ్మ అన్నం వడ్డిస్తుంటే ఆ పిల్ల మెల్లగా "అక్కా" అని పిలిచింది.

పైడమ్మ తలెత్తి చూసింది. గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. బయట అలలు వచ్చిపోతున్నాయి.

"ఊఁ" అంది. "ఇంకొంచెం పెట్టుకోవే. ఏటీ తిన్లేదు నువ్వు."