మైకులో మధ్య పేరు

గిలకలదిండి రేవులో మా మైకు సంగతి అందరికీ తెలుసు. ఒడ్డుకొస్తున్నామని పడవలోంచి ఫోను రాగానే, ఆ పడవ మీద వెళ్ళినవాళ్ళ పేర్లు కంప్యూటరే చదువుతుంది. ఇంట్లోవాళ్ళు గంపలు పట్టుకుని పరుగెత్తుకొస్తారు. ఆ పని చేసే స్క్రిప్టు, అంటే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం, రాసింది నేనే. నాకు దాని మీద కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. మైకు ఉండే షెడ్డు నిండా తడి వలల వాసన, డీజిల్ వాసన. మా అక్క చిట్టెమ్మ గుమ్మంలోనే నిలబడింది.

"ఒరే, మన పడవకి ఇంకా మీ బావ పేరే ఉంది కదరా అందులో. తమ్ముడొచ్చేలోపు తీసెయ్యి."

అప్పయ్య బావ కిందటి నెల వేటకెళ్ళి మునిగిపోయాడు. శవం దొరకలేదు. నీళ్ళలో పోయినవాణ్ణి ఒడ్డు మీంచి పేరు పెట్టి పిలవకూడదని మా ఇంట్లో నమ్మకం. పిలిస్తే తోడు అడుగుతాడట, తిరిగి వాడు పిలిచినప్పుడు పలికినవాడే ఆ తోడట. ఇవాళ మొదటిసారి ఆ పడవ మీద మా తమ్ముడు నాగబాబు, వాడి స్నేహితుడు సాల్మన్ రాజు వెళ్ళారు.

"చిటికెలో పని. దీనికే వణికిపోతావేంటక్కా?" అని నవ్వాను.

అప్పయ్య అని ఉన్న చోట 'నాగబాబు & సాల్మన్ రాజు' అని పెట్టమని స్క్రిప్టుకి చెప్పి, మైకులో ఒకసారి చదివించాను.

"నాగబాబు... అప్పయ్య... సాల్మన్ రాజు..."

అక్క చెవులు మూసుకుంది. నేనూ ఉలిక్కిపడ్డాను. అంతలోనే తప్పెక్కడో తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. ఆ & గుర్తు కనబడితే స్క్రిప్టు, తీసేసిన మాటనే తెచ్చి మళ్ళీ అక్కడ పెడుతుంది. అది ఉత్త గుర్తేనని చెప్పాలంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ అనే ఏటవాలు గీత ఉండాలి. తొందరలో మరిచిపోయాను. గీత పెట్టి మళ్ళీ చదివించాను. ఈసారి రెండు పేర్లే వచ్చాయి.

"చూశావా? పోయింది" అన్నాను.

అక్క గుమ్మంలోంచి నీళ్ళవైపే చూస్తోంది.

చీకటి పడుతుండగా పడవ వచ్చింది. సాల్మన్ ఒక్కడే దిగాడు.

"తమ్ముడేడిరా?"

"బావ పిలుస్తున్నాడన్నాడన్నా... 'ఆఁ, వస్తున్నా' అని పలికాడు. నీళ్ళలోకి దిగిపోయాడు. దూకలేదు... మెట్లు దిగినట్టు దిగాడు."

"ఎక్కడ?"

"ఒడ్డు కనబడనంత దూరంలో. మూడు పేర్లు పిలిచింది ఆ గొంతు. ఆఖరిది నాది. నేను పలకలేదన్నా..."

అంత దూరం మా మైకు వినబడదు. దానివల్లే అంటే ఎవరూ నమ్మరు. నేను మాత్రం వెళ్ళి మైకు వైరు పీకేశాను. తమ్ముణ్ణి నా చేతులతోనే చంపుకున్నాను.

అప్పుడు నీళ్ళ మీంచి...

"సాల్మనూ..."

నాగబాబు గొంతు. మా వాడిదే.

"బతికున్నాడు!" అక్క సాల్మన్ చొక్కా పట్టుకుంది. "పలకరా, నీ కాళ్ళు పట్టుకుంటా... చీకట్లో దారి తెలీక తిరుగుతున్నాడు... పలుకు!"

సాల్మన్ నా వైపు చూశాడు. వద్దనాలి. అనలేకపోయాను. నాకు నా తమ్ముడు కావాలి.

"ఓయ్..." అన్నాడు సాల్మన్. అని, గట్టిగా నోరు మూసుకున్నాడు.

చీకట్లోంచి జవాబొచ్చింది. నాగబాబు గొంతు. వెంటనే అప్పయ్య బావ గొంతు.

ఆ తర్వాత, ఇంకాస్త దూరం నుంచి, నా పక్కనే నిలబడ్డ సాల్మన్ గొంతు.