ఎలుగుపిల్ల చెవి

"ఆ చెవి అలా కాదండీ," అన్నాడు రంగులబ్బాయి.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మా నాన్న గీత ఎలా ఉంటుందో మీరు నాకు పాఠం చెప్తారా అని కడిగేసింది.

నాన్న ముప్పై ఏళ్లు పిల్లల కోసం ఎలుగుపిల్ల కథలు రాసి, బొమ్మలూ తానే వేశాడు. ఆఖరి పుస్తకానికి కథ ముగించి, బొమ్మలు మొదలుపెట్టకుండానే పోయినేడాది కన్నుమూశాడు. వాటిని తానే వేస్తానని కూతురు ఉద్యోగం మానేసి మరీ పంతం పట్టింది. తనకు ప్రాణమైన చివరి మూడు పుస్తకాలు ముందు పెట్టుకుని ఆరు నెలలుగా ఎలుగుపిల్లను దించుతోంది. అన్నీ కుదిరేవి, చెవి దగ్గరికొచ్చేసరికి గీత చచ్చిపోయేది. రంగులు వేయడానికి ప్రచురణకర్త పెట్టిన ఈ అబ్బాయేమో వారం వారం వచ్చి, చూసి, నీళ్లు నమిలి వెళ్లేవాడు. అతనొచ్చే రోజు ఆమె రెండుసార్లు తల దువ్వుకునేది, అది వేరే సంగతి.

ఇక తనవల్ల కాదనీ, ఈ పుస్తకం ఆపేయమనీ ప్రచురణకర్తకు రాసిన ఉత్తరం ఇవాళ అతని చేతిలో పెట్టింది. చదువుతుంటే అతని మొహం పాలిపోయింది. కుంచె అందుకుని ఒక్క విసురులో చెవి గీశాడు.

అచ్చం పుస్తకంలో చెవే. ఆమె నిర్ఘాంతపోయింది.

"చివరి మూడింటి బొమ్మలు నేనే వేశానండీ," అన్నాడు తల వంచుకుని. "సార్‌కి చెయ్యి వణికేది. ఆయన చెప్తుంటే నేను గీసేవాణ్ణి. మీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నారు."

ఆమె అమ్మ వైపు చూసింది. గుమ్మంలో నిలబడ్డ అమ్మ, నాకూ తెలుసులే అంది తాపీగా. ఆమె నెత్తిన రెండో పిడుగు పడింది. అందరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారా అని కుర్చీలో కూలబడింది.

"ఈ ఆఖరిది కూడా నేనే వేస్తానన్నానండీ. సార్ ఒప్పుకోలేదు. ఇది మా అమ్మాయి వెయ్యాలి, దాని గీతతోనే రావాలి అన్నారు. మీరేమో నా గీత దించుతూ కూర్చున్నారు."

అప్పుడు ఏడ్చింది ఆమె, వెక్కి వెక్కి. చాలాసేపటికి ఉత్తరం చింపేసి, కొత్త కాగితం తీసి, ఏ పుస్తకమూ చూడకుండా గీసింది. చెవి కాస్త వంకరగా వచ్చింది. అయినా ఎలుగుపిల్ల దేన్నో చెవి ఒగ్గి వింటున్నట్టే ఉంది.

"ఎవరిదో తెలియకుండానే ఆ గీత వెంట పడ్డాను," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఇప్పుడు ఆ మనిషి ఎదురుగా ఉన్నాడు. ఏం చెయ్యమంటారు?"

అతను కడిగిన కుంచెనే మళ్లీ కడగడం మొదలుపెట్టాడు.

"జవాబు చెప్పు బాబూ, రంగులు ఎండిపోతున్నాయి," అంది అమ్మ.

అతను కుంచె పక్కన పెట్టాడు. "ఆరు నెలల్లో మీరు ఒక్క పేజీ కూడా పూర్తి చెయ్యలేదు. రంగులు వెయ్యడానికి ఏముందని వారం వారం వచ్చాననుకున్నారు?"

అమ్మ తలుపు దగ్గరగా వేసి లోపలికి వెళ్లిపోయింది.