మంచు టవర్ కింద

మొదటి సాక్షి జ్యూరిక్‌లో ట్రామ్ కింద పడి చనిపోయాడు. రెండో సాక్షి డాక్టర్ లేన్‌హెర్ మాత్రం ఏమీ పట్టనట్టు వాల్ద్రూసాకి స్కీయింగ్‌కి వెళ్లాడు.

"మొండి ఘటం," అన్నాడు బెర్న్‌లో రహస్య విభాగం చీఫ్ ఆమ్‌స్టుట్స్. "మన సైన్యం రహస్యాలు విదేశీ ముఠాకి చేరుతున్నాయని కోర్టులో చెప్పగలిగింది ఇక అతనొక్కడే. వాల్ద్రూసాలో ముఠాకో మనిషి ఉన్నాడు. ఎవరో తెలీదు. నువ్వు పుట్టింది అక్కడే కదా ఫ్లూరీనా, సెలవు మీద వచ్చినట్టు వెళ్లు."

"మా అన్నయ్యకి చెప్పొచ్చా సార్?"

"వద్దు."

అయినా ఊరు చేరగానే అన్నయ్యకి చెప్పింది. అమ్మానాన్నలు పోయాక కుర్దీన్ తప్ప ఆమెకెవరూ లేరు. పాదాలకి స్కీలు కట్టి మంచు మీద నిలబెట్టిందీ అతనే. కొండల మీద పేరుకున్న మంచు జనం మీద విరిగిపడకుండా, ఎవరూ లేని వేళ టవర్లలోని మందుగుండుని రిమోట్‌తో పేల్చి దాన్ని ముందే దించెయ్యడం అతని ఉద్యోగం.

"ఆయన్ని నాకొదిలెయ్," అన్నాడు కుర్దీన్, ఆమె గిన్నెలో బార్లీ సూపు పోస్తూ. "ఎప్పుడు, ఎటు దిగుతాడో చెప్పు చాలు. ముందు తిను. బెర్న్‌లో గాలి భోంచేస్తున్నట్టున్నావ్."

ఆమె నవ్వేసి, అంతా చెప్పింది.

మర్నాడు హోటల్ టెర్రస్ మీద నక్కబొచ్చు కోటు వేసుకున్న అందగత్తె ఒకామె ఎండ కాగుతోంది. వలేస్కా, ముఠా దూత. విగ్గూ నల్లకళ్లద్దాలూ పెట్టుకుని, దూరంగా ఆమెకి వీపు చేసి కూర్చుంది ఫ్లూరీనా. వలేస్కా బల్ల కింద తను ముందే అంటించిన మైక్ నుంచి మాటలు ఉన్నిటోపీలో దాచిన ఇయర్‌ఫోన్‌లో వినిపిస్తున్నాయి.

"మీ చర్చి గంట ఆలస్యంగా మోగుతుందట," అంది వలేస్కా.

"గాలిని బట్టి మేడమ్."

బెర్న్ ఛేదించిన కోడ్ మాటలవే. జవాబిచ్చిన గొంతు కుర్దీన్‌ది.

"రేపు పొద్దున్న పడమటి వాలు మీద," అన్నాడతను. "ప్రమాదమని రాసుకుంటారు."

"మరి మీ చెల్లెలు?"

"పిచ్చిది. నేనేం చెబితే అదే దానికి వేదం."

ఫ్లూరీనా చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

"మాటలతో కేసు నిలవదు," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "బటన్ మీద వేలుండగా దొరకాలి. నువ్వు తప్పుకో, వేరేవాళ్లని పంపుతా."

"నేనే చూస్తాను సార్."

మర్నాడు పొద్దున్నే మొదటి లిఫ్ట్‌లో పైకెళ్లి, పడమటి వాలు మీది టవర్‌లో రిమోట్ సంకేతం అందుకునే రిసీవర్‌ని ఊడదీసి జేబులో వేసుకుంది. ఇక మందుగుండు పేలదు. కుర్దీన్ కంట్రోల్ గది తలుపు వెనక పోలీసులు మాటు వేశారు. ఆమె అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. స్కీల మీద జారుకుంటూ దిగి, సరిగ్గా టవర్ కింద డాక్టర్‌కి అడ్డం పడింది.

"అన్నయ్యా," అంది రేడియోలో. "టవర్ కింద ఉన్నాను. కాలు బెణికింది, కదల్లేను. కనిపిస్తున్నానా?"

అతని గొంతు మామూలుగానే వచ్చింది.

"కనిపిస్తున్నావ్ ఫ్లూరీ. అలాగే ఉండు."

ఆమె పైకి చూసింది. వాలంతా ఎండలో తళతళలాడుతోంది. జేబులో రిసీవర్ సంకేతం అందుకుని సన్నగా వణికింది.

"ఏమైందమ్మా, అలా పాలిపోయావు?" అన్నాడు డాక్టర్.

"ఏం కాలేదు డాక్టర్ గారూ. పదండి."

కింద లిఫ్ట్ దగ్గరికి కుర్దీన్‌ని సంకెళ్లతో తీసుకొచ్చారు. వలేస్కా అప్పటికే పోలీసు బండిలో ఉంది. తిన్నగా నడిచొస్తున్న చెల్లెల్ని చూసి అతని మొహం మాడిపోయింది.

"కాలు బెణికిందన్నావ్. నాతోనే అబద్ధమా?" అన్నాడు, నిజంగానే నొచ్చుకుని.

"మొదటిసారి కదన్నయ్యా," అంది ఫ్లూరీనా. "నీ అంత బాగా రాలేదు."