వెనక్కి తిరిగిన మీటరు

అమావాస్య... మిట్టమధ్యాహ్నం... సరిగ్గా పన్నెండు గంటలు!

నడినెత్తిన భగభగ మండవలసిన సూర్యుణ్ణి కారుమబ్బులు కబళించేశాయి. ఊరి చివర పాత కార్ల యార్డు మీద ఏదో పీడ కమ్ముకున్నట్టు చీకటి దిగింది. దిక్కులు పిక్కటిల్లేలా ఒక్క ఉరుము! దాని వెనకే రేకుల షెడ్డు దూలం మీద నుంచి పట్టపగలు గుడ్లగూబ కూసింది... ఘూ... ఘూ...!

"ఏం లేదమ్మా, అది మా ఇంటి పిట్టే" అని నవ్వాడు యార్డు యజమాని. ఊళ్ళో అందరూ అతన్ని తేనె బాబాయ్ అంటారు. అరవై దాటాయంటారు గానీ ముఖం మీద ఒక్క ముడత లేదు, తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఆ నున్నటి ముఖం చూసి ముచ్చటపడే వాళ్ళే గానీ, అదెలాగని అడిగిన వాళ్ళు లేరు.

అతని ఎదుట నిలబడినది ఒక నర్సు. పెద్దాసుపత్రిలో ముఖం ఎముకల విభాగంలో పని. ప్రమాదాల్లో విరిగిన దవడలకు తీగ కట్టడం, ఆరు వారాలు పోయాక ఆ తీగ కత్తిరించి నోరు విప్పడం, పద్నాలుగేళ్ళుగా ఇదే ఆమె కొలువు. దవడ నర్సు అంటారు తోటివాళ్ళు. భర్త లేడు. ఉన్నదల్లా ఎనిమిదేళ్ళ కూతురు, పేరుకు తగ్గట్టు ఒక్క క్షణం నోరు మూయని పిచ్చుక. స్కూటరు మీద వానలో తడిసి తడిసి ఆ పిల్లకు దగ్గు పట్టుకుంది. అందుకే కారు. పెద్ద కారుకు తాహతు లేదు, చిన్నదైనా పై కప్పు ఉంటే చాలు.

"ఇటలీ బండి తల్లీ ఇది! పన్నెండేళ్ళదంటే ఎవరైనా నమ్ముతారా? తలుపు వేసి చూడు, ఆ బరువు, ఆ చప్పుడు! ఇప్పటి బండ్లన్నీ రేకు డబ్బాలు."

నర్సు తలుపు వేసి చూసింది. ధబ్ మని నిండుగా పడింది. మీగడ రంగు, గుండ్రటి దీపాలు, వెనక తలుపు ఎత్తితే పిల్ల పుస్తకాల సంచీ, తన సంచీ, కూరగాయలు కూడా పట్టేంత చోటు.

"స్పేర్లు దొరకవంటున్నారు బాబాయ్. ఇటలీ బండి కొంటే వారం రోడ్డు మీద, నెల షెడ్డులో అని మా ఆస్పత్రిలో ఒకటే నవ్వులు."

"నవ్వేవాళ్ళను బస్సులో నిలబడి నవ్వుకోమను. నువ్వు నీ బండిలో కూర్చుని నవ్వు! మీటరు చూశావా? నలభై ఒక్క వేలు. పసిపిల్ల కింద లెక్క." అంటూ గొంతు మరీ మెత్తగా చేశాడు. "రోజూ ఎవరెవరు ఎక్కుతారమ్మా? పిల్లలున్నారా?"

"ఇదిగో, ఇదొక్కతే."

అతని కళ్ళలో ఏదో తళుక్కుమని ఆరిపోయింది! ఆమె బేరం ఆడకుండానే ధర తగ్గించేశాడు. ఆ తల్లికి అక్కడే అనుమానం రావాలి. రాలేదు! తక్కువకు వచ్చిన వస్తువును అనుమానించే ఓపిక బీదవాళ్ళకు ఎక్కడిది?

"ఏదీ బంగారం, నీ బొటనవేలితో ఈ మీటరు బటన్ గట్టిగా నొక్కు. బండి నీ పేరు మీదే బయలుదేరాలి."

పిచ్చుక నొక్కింది. "అబ్బా!" అని వేలు నోట్లో పెట్టుకుంది. బటన్ మీద ఎర్రగా ఒక్క చుక్క... చూస్తుండగానే లోపలికి ఇంకిపోయింది!

బండి యార్డు దాటుతుండగా షెడ్డు వెనక గదిలోంచి అతని గొంతు వినబడింది. "నలభై ఒక్క వేలు... నలభై వేలు... ముప్పై తొమ్మిది..." అంకెలు వెనక్కి జపిస్తున్నాడు. సగం తెరిచిన తలుపు సందులో ఒక దీపం, దాని పక్కన ఎర్రగుడ్డ కప్పిన గుండ్రటి వస్తువేదో లీలగా కనబడింది. బండ్లు లెక్కపెట్టుకుంటున్నాడు కాబోలు పాపం అనుకుని నవ్వుకుంది నర్సు.

మొదటి పది రోజులు ఆ ఇంట్లో ఆనందం పట్టలేదు. బయట జోరున వాన, లోపల వెచ్చగా తల్లీకూతుళ్ళు! ఇంజను పిల్లిలా గుర్రుమంటుంటే పిచ్చుక పాటలు పాడేది. దగ్గు కూడా తగ్గింది.

పదకొండో రోజు జడ వేస్తుంటే నర్సు చేతికి ఒక తెల్ల వెంట్రుక తగిలింది.

మర్నాడు పది. వారం తిరిగేసరికి పాపిట నిండా నెరుపు! "అమ్మా, మెట్లెక్కితే మోకాళ్ళు నొప్పే" అంది పిచ్చుక. ఆ గొంతులో జీర... ముసలివాళ్ళ జీర! ఆపైన చేతుల మీద చర్మం వదులయింది. నల్లబల్ల మీద రాతలు కనబడటం లేదంది. కిందటేడే వచ్చిన కొత్త పళ్ళు కదలసాగాయి. డాక్టర్లు రక్తం తీశారు, ఎముకల ఫొటోలు తీశారు, చివరకు తలలు పట్టుకున్నారు. ఎనిమిదేళ్ళ పిల్ల కంటికి శుక్లం పట్టడం ఎక్కడైనా విన్నామా!

అయ్యో, ఆ తల్లి అమాయకత్వం! బిడ్డను ఒక డాక్టరు దగ్గర నుంచి ఇంకో డాక్టరు దగ్గరికి ఆమె తిప్పినది ఆ బండిలోనే! బతికించుకోవాలని పరిగెత్తిన ప్రతి మైలూ ఆ పసి ఒంటి మీదే ఎక్కుతోందని ఆమెకు ఎవరు చెబుతారు? పిల్ల మంచాన పడింది. ఆస్పత్రిలో పక్కన తన పిన్నిని కూర్చోబెట్టి, మందుల కోసం నర్సు ఒంటరిగా తిరిగింది. పిల్ల బండిలో లేకపోయినా చక్రం తిరిగిన ప్రతిసారీ ఇక్కడ మంచం మీద ఒక మూలుగు!

ఆ సాయంత్రం ఇంజనులో టకటకమని చప్పుడు మొదలయింది. దారిలో కనబడిన మెకానిక్ షెడ్డులోకి తిప్పింది. నడివయసు మెకానిక్, మాట కరుకు, చెయ్యి మెత్తన.

"టైమింగ్ బెల్టు చప్పుడు చెల్లెమ్మా. రబ్బరు పట్టీ. అది తెగిందంటే ఇంజను ఉన్నచోటే చస్తుంది. ఎప్పుడు మార్చారు?"

"నాకేం తెలుసన్నా? తిరిగింది నలభై రెండు వేలు కూడా లేదు కదా."

మెకానిక్ బెల్టు మూత విప్పి వెనక్కి తిప్పాడు. అంతే... కొయ్యబారిపోయాడు! మూత లోపలి వైపు మేకుతో గీసిన అక్షరాలు. ఎనిమిదేళ్ళ కిందటి తేదీ. దాని కింద... '1,12,400 దగ్గర బెల్టు మార్చాను.'

"ఇది మా గురువుగారి రాత" అన్నాడు. "మేకు మేస్త్రి అనేవాళ్ళు. ఏ బండి ముట్టుకున్నా అసలు మీటరు ఇలా గీసిపెట్టేవాడు. కొనేవాళ్ళకు ఉన్నమాట చెప్పేసేవాడు. మూడేళ్ళయింది మనిషి జాడ తెలియక... ఎనిమిదేళ్ళ కింద లక్షా పన్నెండు వేలు తిరిగిన బండి, ఇవాళ నలభై రెండు ఎలా అవుతుంది చెల్లెమ్మా?"

నర్సు ఆ గీతల మీద వేలు ఆనించింది.

ఫెళఫెళమని పిడుగు! షెడ్డులో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఆమె వెన్ను విల్లులా వెనక్కి వంగింది, జుట్టు విడిపోయింది, కనుగుడ్లు పైకి తేలిపోయాయి. పళ్ళు గిట్టకరుచుకున్నాయి. తన గొంతులోంచి మగ గొంతు బయటికి వస్తుంటే ఆపలేక, లోపలే వణికిపోతూ, తానే విన్నది...

"వాడు మీటరు మీద దించినవన్నీ పసివాళ్ళ మీదకెక్కుతాయి! వాళ్ళ వయసు వాడు తాగుతాడు! నిజం చెబుతున్నానని నా తల నరికాడు... అసలు అంకె పలకకుండా దవడకు రాగితీగ కుట్టాడు! వెయ్యి తిరిగాయంటే పిల్ల చస్తుంది! బండిని వాడి వాకిట్లో పెట్టు... నా నోరు విప్పు... నా నోరు విప్పు!!"

ఆమె కుప్పకూలింది. తేరుకోగానే మీటరు వైపు పాకింది. 41,997! మూడంటే మూడు కిలోమీటర్లు!

ఏడవలేదామె. ఏడుపు ఎప్పుడో అయిపోయింది. "అన్నా, చక్రం తిరగకుండా దీన్ని తేనె బాబాయ్ యార్డుకు చేర్చగలవా?"

మెకానిక్ గొలుసులతో బండిని అమాంతం ఎత్తి ట్రక్కు మీద పెట్టాడు. నర్సు తన సంచీలో చెయ్యి పెట్టి చూసుకుంది. తీగలు కత్తిరించే పట్కారు ఉంది.

యార్డులో బండి కిందికి దిగుతుంటే తేనె బాబాయ్ చేతులు నులుముకుంటూ ఎదురొచ్చాడు. "అయ్యో తల్లీ! బండి తిరిగి ఇచ్చేస్తున్నావా? నేనే కొంటాలే. పాప... ఎప్పుడు పోయింది?"

ఎంత మెత్తగా అడిగాడు, పాడు పీనుగ! నర్సు అతన్ని దాటుకుని తిన్నగా వెనక గదిలోకి నడిచి, ఎర్రగుడ్డ లాగి పారేసింది.

కపాలం! కంటి గుంతల్లో బూడిద. పై దవడకూ కింది దవడకూ పన్నెండు చోట్ల నల్లబడిన రాగితీగ. గోడ మీద వరసగా పంతొమ్మిది మేకులు, మేకు మేకుకూ ఒక బండి తాళం, తాళానికి ముడివేసి ఒక చిన్నపిల్లల వెంట్రుక... తెల్లటిది!

"ముట్టుకోకే!!!" తేనె విరిగిపోయి విషం బయటపడింది. ఆమె పట్కారు తీయడం చూసి అతను గదిలోకి రాలేదు. మెకానిక్‌ను ఒక్క తోపు తోసి బండిలోకి దూకాడు! "మూడు కిలోమీటర్లే కదా! ఈ యార్డు చుట్టూ ముప్పై చుట్లు! నువ్వు తీగలు తెంచేలోగా నీ పిల్ల పీనుగవుతుంది చూడు!"

బండి గర్జించింది. బురద చిమ్ముకుంటూ చుట్టు... మళ్ళీ చుట్టు... వికటాట్టహాసం!

నర్సు ఫోను మోగింది. "ఏమే, ఎక్కడున్నావే! పిల్లకి ఊపిరి అందడం లేదే!" పిన్ని గొల్లుమంటోంది.

ఒక తీగ. రెండు. రాగి నిప్పులా కాలి అరచేయి బొబ్బలెక్కింది. మూడు... అయిదు... బయట మీటరు 41,998! కపాలం ఆమె చేతుల్లో గింజుకుంది. "కదలకండి మేస్త్రిగారూ, అయిపోవచ్చింది" అంది, రోజూ రోగులతో అన్నట్టే. ఎనిమిది... తొమ్మిది... 41,999! "పిల్ల చల్లబడిపోతోందే!" అని ఫోనులో కేక. పది... పదకొండు...

పన్నెండు!

కింది దవడ జారింది. మూడేళ్ళుగా మూసుకున్న నోరు విచ్చుకుంది. ఉరుములను మించిన గొంతుతో, ఒక్కొక్క అక్షరమే...

"రెండు లక్షల... ముప్పై ఆరు వేల... అయిదు వందలు!!!"

ఠప్!

అంతే. బెల్టు తెగింది. ఇంజను గిర్రున అరిచి అక్కడికక్కడే చచ్చింది. మూత ఏనాడూ విప్పి చూడని యజమాని, ఎన్నడూ మార్చని బెల్టు! నాలుగు తలుపులూ వాటంతటవే బిగుసుకున్నాయి. మీటరు మీద అంకెలు గిరగిరా ముందుకు తిరిగాయి.

నున్నటి ముఖం మీద మొదటి ముడత పడింది. తర్వాత వంద. నల్లటి జుట్టు తెల్లబడి కుచ్చులు కుచ్చులుగా రాలింది. పళ్ళు ఒళ్ళో పడ్డాయి. "తల్లీ... తలుపు తియ్యమ్మా... ఏం కావాలంటే అదిస్తా..." పుల్లల్లాంటి వేళ్ళతో అద్దం మీద గీరాడు.

నర్సు అద్దం దగ్గరికి వెళ్ళి వంగింది. "ఎంత తిరిగిందో తెలియకుండా ఎలా తియ్యను బాబాయ్?"

కపాలం ఆగలేదు. పంతొమ్మిది బండ్ల పంతొమ్మిది అంకెలూ ఒకటొకటిగా చెప్పింది. ఒక్కో అంకెకూ లోపల ఒక్కో కేక. మెకానిక్ మొహం తిప్పేసుకున్నాడు. నర్సు తిప్పుకోలేదు. ప్రతి అంకెనూ, ప్రతి కేకనూ కళ్ళార్పకుండా విన్నది. ఆఖరి అంకె అయ్యేసరికి డ్రైవరు సీట్లో పిడికెడు బూడిద మిగిలింది. గుడ్లగూబ రెక్కలు కొట్టుకుంటూ ఎటో వెళ్ళిపోయింది.

ఫోనులో పిన్ని గొంతు. "ఒసేయ్... పిచ్చుక లేచి కూర్చుందే! ఆకలంటోందే!"

అప్పుడు ఏడ్చింది నర్సు. బురదలో చతికిలబడి, కపాలాన్ని ఒళ్ళో పెట్టుకుని, వెక్కివెక్కి ఏడ్చింది.

మెకానిక్ తన గురువును తీసుకువెళ్ళి మట్టి చేసి వచ్చాడు. ఆపైన నెల రోజులు కూర్చుని ఆ ఇంజను బాగుచేశాడు. కొత్త బెల్టు వేసి, మూత లోపల మేకుతో అసలు అంకె గీశాడు. బండి అమ్మేయమన్నారు అందరూ. మేస్త్రి రాత ఉన్న బండిని నర్సు ఎవరికి అమ్మగలదు?

పిచ్చుక మోకాళ్ళు బాగయ్యాయి, కళ్ళు తేటపడ్డాయి. జుట్టు మాత్రం తెల్లగానే ఉండిపోయింది. బళ్ళో పిల్లలు బామ్మా అని ఏడిపిస్తారు. రోజూ పొద్దున్న బండి ఎక్కగానే పిల్ల మీటరు గట్టిగా చదువుతుంది, తల్లి తాళం తిప్పుతుంది.

ఒకరోజు చదివాక పిచ్చుక అడిగింది. "అమ్మా, ఆ మిగతా పంతొమ్మిది మంది పిల్లలు కూడా నాలాగే లేచి కూర్చున్నారా?"

"కూర్చున్నారు నాన్నా" అని తాళం తిప్పింది నర్సు.

బండి స్టార్ట్ కాలేదు.

మళ్ళీ తిప్పింది. మళ్ళీ. చప్పుడు లేదు. తాళం మీద నుంచి చెయ్యి తీసేసింది.

"లేదమ్మా" అంది చివరకు. "ఎవరూ లేవలేదు."

తాళం తిప్పకుండానే ఇంజను అందుకుంది.