మాట్లాడకూడని గది

దెయ్యానికి ఎక్కాలు వస్తాయా, రావా? తెలిసినవాళ్లు చేతులెత్తండి… ఒక్కరూ ఎత్తరేం? సరే, వినండి. ఇది నేను చూసింది కాదు. మా బళ్లో లెక్కలు చెప్పిన మేష్టారి కూతురు నాకు చెప్పింది.

ఒక పెద్ద ఆసుపత్రి. స్కానింగులన్నీ నేలకింద అంతస్తులో. కిటికీ అన్నది లేదు కాబట్టి అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా రాత్రే. నడవా చివర మూడో నంబరు గది. దానికి మంచి పేరు లేదు. ఊడ్చే ఆయాలు రెండో గదిదాకా ఊడ్చి, చీపురు చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగేవాళ్లట. తలుపు మూసి ఉన్నా లోపల ఎవరో గొణుగుతారని…

మేష్టారికి ఊపిరితిత్తిలో క్యాన్సరు. ఆపరేషనైంది, మందులెక్కించడమూ అయింది. ఇక మిగిలింది ఒక్కటే ప్రశ్న — పోయిందా, ఇంకెక్కడికైనా పాకిందా? అది తేల్చడానికే స్కాను.

కూతురిని బయటి బల్ల మీదే ఆపేశారు. నర్సు మేష్టారిని లోపలికి తీసుకెళ్లి, సూది మందిచ్చి, ఒక గదిలో కూర్చోబెట్టి తెల్ల దుప్పటి కప్పింది.

"గంటసేపు కదలొద్దు మాస్టారూ. పెదవి విప్పొద్దు."

"ముప్పై ఆరేళ్లు పిల్లల నోళ్లు మూయించినవాణ్ని తల్లీ. నాది మూసుకోలేనా?"

కాసేపటికి కూతురు బాత్‌రూము వెతుక్కుంటూ దారి తప్పింది. కళ్లజోళ్ల దుకాణంలో పని ఆవిడది. కంటికి కనబడనిదేదీ నమ్మదు. నడవా చివరికొచ్చేసరికి…

గుసగుస.

"పదిహేడు ఆరులు… నూట రెండు…"

బొంగురు గొంతు. గాలి ఎక్కువ, మాట తక్కువ. తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూసింది. మసక వెలుతురు. కుర్చీలో ఓ తెల్లటి కుప్ప… తల లేదు.

"పదిహేడు ఎనిమిదులు… నూట ఇరవై ఆరు…"

ఆవిడ ఎలా వెనక్కొచ్చి పడిందో ఆవిడకే తెలీదు. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు డాక్టరమ్మ తెర మీద బొమ్మ చూపించింది.

"ఛాతీ శుభ్రంగా ఉంది. కానీ… గొంతులో రెండు పక్కలా మెరుస్తోంది."

"పాకిందంటారా?" అంది కూతురు, తెర దగ్గరికి వంగి.

"ఇప్పుడే చెప్పలేను. ఆ మందు చక్కెరలాంటిది. ఆకలున్న చోటికల్లా పోతుంది. క్యాన్సరుకి ఆకలెక్కువ. కష్టపడిన కండకీ ఆకలే. ఆ గంటలో ఏమైనా మాట్లాడారా మాస్టారూ?"

"లేదు."

"ఏ గదిలో కూర్చోబెట్టారు?"

"మూడో గదిలో."

కూతురు తల ఎత్తింది.

"డాక్టరుగారూ, నవ్వకండి. ఆ గదిలో ఏదో ఉంది. పదిహేడో ఎక్కం చదువుతుంటే విన్నాను."

డాక్టరమ్మ మెల్లగా మేష్టారి వైపు తిరిగింది.

"మా నాన్న కాదు లెండి. అది పదిహేడు ఎనిమిదులు నూట ఇరవై ఆరు అంది. మా నాన్న నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పడు."

చూశారా పిల్లలూ, చిక్కు? లోపల ఉన్నది దెయ్యమైతే, జబ్బు గొంతుకి పాకిందేమోనని భయం. మేష్టారే అయితే, భయం చాలామటుకు లేనట్టే. కానీ అప్పుడు మేష్టారికి ఎక్కం రానట్టు.

మేష్టారు పైకప్పు వైపు చూశారు. చెవులు ఎర్రబడ్డాయి.

"నూట ముప్పై ఆరు," అన్నారు. "అది నాకు తెలుసు… ఆ పూట తడబడ్డాను."

"నాన్నా… నువ్వా?"

"ఒక్కణ్నే కూర్చోబెట్టారు. ఎక్కడెక్కడికి పాకిందో అని ఒకటే దడ. దుప్పటి ముసుగేసుకుని ఎక్కం పట్టుకున్నాను. అదీ జారిపోయింది."

"ఆ గదిలో గంటసేపు నోరు మూసుకున్నవాళ్లని నేనింతవరకు చూడలేదు మాస్టారూ," అంది డాక్టరమ్మ. "ఒకరు పాటలు, ఒకరు దండకాలు. ఎక్కాలు మాత్రం మీరే."

అయినా అనుమానం ఉంచుకోకూడదని మర్నాడు ముక్కులోంచి సన్నటి గొట్టం దించి చూశారు. గొంతు నిక్షేపంగా ఉంది. ఎక్కడికీ పాకలేదు.

ఇంటికొచ్చే దారంతా కూతురు ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. మేష్టారు మాత్రం ఒకటే బతిమాలారట — "ఆ నూట ఇరవై ఆరు సంగతి మన బళ్లోవాళ్లకి చెప్పకే తల్లీ."

ఆ సాయంత్రమే నాకు ఫోను చేసింది.

ఇక లేవండి. చిన్నాడి చొక్కాకి గుండీ సగం కుట్టి, సూది దానికే గుచ్చి కుర్చీలో వదిలేసి వచ్చాను… మీ తాతయ్య కూర్చోకముందే పోవాలి.