పెన్నులో చీటీ

"మెకానిక్‌ని చంపడానికి ఎనిమిది అంకెలు చాలు," అన్నాడు చీఫ్, టేబుల్ మీద ఒక ఇంగ్లీష్ ప్రశ్నపత్రం పరుస్తూ.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ డిక్షనరీ అంటారు. మెకానిక్ అంటే శత్రుదేశపు షిప్‌యార్డ్‌లో రెండేళ్లుగా మారుపేరుతో పనిచేస్తున్న మన మనిషి. డిక్షనరీకి స్వయానా చెల్లెలి భర్త.

"రేపటి అడ్వాన్స్‌డ్ ఇంగ్లీష్ ఎగ్జామ్ ఇది. మూడో పార్ట్‌లో ఎనిమిది ఖాళీలు. పక్కన ఒక మాట ఇస్తారు. దానికి ముందు ప్రిఫిక్సో, వెనక సఫిక్సో తగిలించి రాయాలి. వాళ్ల కొరియర్ అభ్యర్థిలా కూర్చుని కావాలనే తప్పులు తగిలిస్తాడు. 'అన్' అంటే ఒకటి, 'డిస్' అంటే రెండు, 'నెస్' అంటే ఏడు. ఎనిమిదీ వరసగా పేరిస్తే మెకానిక్ ఇల్లు మ్యాప్‌లో సరిగ్గా ఎక్కడుందో తెలిసిపోతుంది. జవాబు పత్రాలు సీలు వేసి విదేశానికి పంపుతారు, అక్కడ దిద్దేవాళ్లలో వాళ్ల మనిషున్నాడు. ఆ సీలు ఎయిర్‌పోర్టులో ఎవడూ విప్పడు."

"ప్యాకెట్ ఆపేస్తే?"

"ఊరికే ఆపితే మనకి ఉప్పందిందని తెలిసిపోతుంది. ఉప్పందించింది ఆ పరీక్ష హాలు ఇన్విజిలేటర్. తమ మనిషే అనుకుంటున్నారు వాళ్లు. ముందు ఆమె పోతుంది, తరవాత మీ బావ. కొరియర్ ఎవరో ఆమెకీ తెలీదు. మూడో పార్ట్ మొదలుపెట్టేటప్పుడు కళ్లజోడు తీసి బోర్లా పెడతాడు. గుమ్మం దగ్గరుండే వాళ్ల గుమాస్తాకి అది గుర్తు. నువ్వు సీటు నంబరు చెబితే, సీలు వేసేటప్పుడు ఆమె ఆ ఒక్క పేపరూ మార్చేస్తుంది."

చీఫ్ ఒక నల్ల పెన్ను అందించాడు. "ఇందులో కెమెరా ఉంది. నీ కన్ను తప్పినా ఇది తప్పదు. నీ ఇంగ్లీష్‌కి ఈ పరీక్ష మంచినీళ్ల ప్రాయం కదా!"

డిక్షనరీ నవ్వాడు. ఆ పరీక్ష అతను రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పాడు. సొంత చెల్లెలికి కూడా చెప్పలేదు.

పాసవ్వమని అతన్ని ఎవరూ అడగలేదు. కానీ ఫలితం డిపార్ట్‌మెంట్‌కి వస్తుందిగా? ఇంటికెళ్లి పెన్ను విప్పి, కెమెరా తీసి సొరుగులో పడేశాడు. ఆ ఖాళీలో ప్రిఫిక్సులూ సఫిక్సులూ చీమతలకాయంత అక్షరాల్లో రాసిన చీటీ చుట్టి పెట్టాడు. చేస్తున్నది సిగ్గుమాలిన పనని తెలుసు. అయినా చేశాడు.

మర్నాడు ఉదయం పది గంటలకి, నెరిసిన మీసం అంటించుకున్న బ్యాంకు ఉద్యోగి వేషంలో హాల్లో కూర్చున్నాడు. నలభై రెండు సీట్లు. ఇన్విజిలేటర్ ఎర్ర హీల్స్ టకటకలాడిస్తూ వస్తుంటే సగం హాలు పేపరు మరిచిపోయి చూసింది.

"ముందు ఏం రాస్తారు?" అంది అతని దగ్గర ఆగి. కోడ్.

"వెనక ఏముందో చూసి రాస్తాను," అన్నాడు.

ఆమె నిబంధనలు చదివింది: కాపీ పట్టుబడితే విచారణ ముగిసేదాకా ఆ హాలు పేపర్లన్నీ ఆగిపోతాయి.

మూడో పార్ట్ వచ్చింది. తల పైకెత్తి కాపు కాయాలి. కానీ మొదటి ఖాళీ పక్కన ఉన్న మాట తెలిసినట్టే ఉంది. దాని వెనక 'మెంట్' వస్తుందా, 'నెస్' వస్తుందా? పెన్ను మూత కాస్త తిప్పి చూశాడు. రెండోది రాశాడు. మూడోది రాశాడు. ఈసారి పాసవుతానని గుండె కొట్టుకుంది. ఎనిమిదోది నింపి తలెత్తేసరికి అందరి కళ్లజోళ్లూ అందరి ముక్కుల మీదే ఉన్నాయి. గుమ్మం దగ్గర గుమాస్తా తృప్తిగా చేతులు కట్టుకున్నాడు.

ఐదు నిమిషాలే మిగిలాయి. ఆమె వంగి, "నంబరు?" అంది పెదవి కదపకుండా.

"చూడలేదు."

"కెమెరా?"

"ఇంట్లో ఉంది."

"మరి పెన్నులో ఏముంది?"

అతనికి చెల్లెలి మొహం కళ్లముందు కదిలింది. పెన్ను విప్పి, చీటీ బయటికి లాగి, నలుగురికీ కనబడేలా డెస్కు మీద పరిచాడు.

ఆమెకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. "కాపీ! లేవండి!" అని హాలు అదిరేలా అరిచింది.

నలభై ఒక్క తలలు తిరిగాయి. "ఈ వయసులో ఇదేం బుద్ధి బాబూ," అంది పక్క సీటులోని నర్సు. డిక్షనరీ నిలబడ్డాడు. చెవులు కాలిపోతున్నాయి, చెమటకి మీసం ఊడిపోతోంది, భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది. గుమాస్తా అనుమానంగా అతని మొహంలోకి చూశాడు. అందులో నటన ఇసుమంతైనా లేదు. చీదరించుకుని మొహం తిప్పుకున్నాడు.

ప్యాకెట్‌కి సీలు పడలేదు. సాయంత్రానికి ఇరవై ఏడో సీటు పేపర్లో ఎనిమిది అంకెలూ దొరికాయి, కొరియరూ గుమాస్తా దొరికారు.

వారం తరవాత, షిప్‌యార్డ్ నుంచి తప్పించుకుని క్షేమంగా ఇల్లు చేరిన మెకానిక్ ఫోన్ చేశాడు. "బావా, నీ బుర్రే బుర్ర! అంత గొప్పగా నటించావట! మీ చెల్లి ఊరంతా చెప్పుకునేది, చెప్పుకోనిస్తే."

ఆ పొగడ్త చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. డిక్షనరీ తిన్నగా చీఫ్ గదికెళ్లాడు. రిపోర్టులో 'కాపీ కొట్టినట్టు నటించాడు' అన్న వాక్యంలో రెండు మాటలు కొట్టేసి, 'కాపీ కొట్టాడు' అని దిద్దాడు. కెమెరా సొరుగులో పడేసిన సంగతి, ఫెయిలైన సంగతులు, తల దించుకుని అన్నీ చెప్పాడు. "మా బావని చావుకి ఐదు నిమిషాల దూరం దాకా తీసుకెళ్లాను సార్."

చీఫ్ పరీక్ష విచారణ కమిటీ పంపిన కవరు తీసి, మార్కుల కాగితం రెండుసార్లు చదివాడు.

"చీటీ పెట్టుకుని కూడా ఎనిమిదింట్లో మూడేనా, డిక్షనరీ?"